రేవు పద్దు

హారిస్‌బర్గ్ కోర్టు నేలమాళిగలో
కాగితాలకు చెమ్మ తగలకుండా చూడడం నా ఉద్యోగం.
తేమ కొలిచే డబ్బా ఒకటి, నూలు చేతి తొడుగులు నాలుగు జతలు,
రెండొందల ఏళ్ళ దుమ్ముకి అలవాటు పడ్డ ముక్కు.

ఈ శీతాకాలం ఇద్దరు లాయర్లు మెట్లు దిగి వచ్చారు.
కేసు చిన్నదే.
ఎల్డన్ క్రైడర్ అనే ఆయన
నడుముకి తుపాకితో పదహారో నంబరు బస్సు ఎక్కుతానన్నాడు.
వీల్లేదంది ఊరు.
జడ్జిగారు ఇద్దర్నీ చూసి అడిగారట:
"పాతకాలంలో ఇలాంటిదేమైనా ఉందా? చూపించండి."

పదిహేడొందల తొంభై ఒకటిలో బస్సు ఉందా?
లేదు.
"పోనీ, దానికి దగ్గరగా?"
బల్లకట్టు ఉంది, అన్నాను.
ఒకే పిల్లని చూడవచ్చిన ఇద్దరు పెళ్ళిపెద్దల్లా
ఇద్దరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

మూడు వారాలు వెతికాను.
ఇంట్లో మందుగుండు మోతాదు మించి దాచినందుకు
ఒక కొట్టు యజమానికి పడ్డ జరిమానా. బాకీ ఇంకా తీరలేదు.
కవాతుకి వచ్చినవాళ్ళ జాబితా:
ఒకడి తుపాకికి చెకుముకి రాయి లేదు,
ఒకడు పక్కింటివాడిది అరువు తెచ్చుకున్నాడు,
ఒకడు చీపురుకర్ర భుజాన వేసుకొచ్చాడని రాసి ఉన్నచోట
సిరా మరక. రాసేవాడికి నవ్వాగలేదేమో.
ఒక వితంతువు అర్జీ,
పోయిన మొగుడి తుపాకి తన దగ్గరే ఉండనివ్వమని.
కింద జవాబు లేదు.

చివరికి దొరికింది బల్లకట్టువాడి పద్దు.
ఆవుకి ఇంత, బండికి ఇంత, మనిషికి ఇంత.
నూట పన్నెండో పుటలో:
"తుపాకులు ఉన్నవాళ్ళు వాటిని..."
తర్వాత వెండిపురుగు తిన్న కన్నం.
"...అని నా ఆజ్ఞ."

వాటిని ఏం చేయాలి?
కింద పెట్టాలా, తడవకుండా పైకెత్తి పట్టుకోవాలా,
ఒడ్డునే వదిలి రావాలా?
ఇద్దరు లాయర్లూ ఆ కన్నాన్ని ఫోటో తీసుకున్నారు.
ఇద్దరికీ అది తమవైపు సాక్ష్యమే.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి,
అనేవాణ్ణి చూసి నవ్వే భాష నాది.
ఇక్కడ వాసన చూడ్డానికి ధర్మాసనం కూర్చుంటుంది.
కొందరి తాతల్ని ఆ పద్దులో
ఆవుల వరుసలోనే రాశారు, తలకింత అని.
వాళ్ళ మూతుల సంగతి ఎవరూ అడగలేదు.

రాత్రి ఆ అసలు వాక్యాన్ని తెలుగులో చెప్పి చూశాను.
ఇంగ్లీషులో ఇరవై ఏడు మాటలు.
"స్వేచ్ఛగల రాజ్య భద్రతకి క్రమశిక్షణ ఉన్న పౌరదళం అవసరమై..."
ఆ "అవసరమై" దగ్గర ఆగిపోయాను.
అవసరం కనుకనా?
అవసరమైనంత కాలమా?
లేక అసలు మాటకి ముందు
ఊరికే గొంతు సవరించుకోవడమా?
అసమాపక క్రియ మీద ఆగితే
మా నాగరత్నం టీచరు బెత్తంతో బల్ల మీద కొట్టేది.
"తర్వాత? తర్వాత ఏమైంది?"

మర్నాడు సాయంత్రం పదహారో నంబరు ఎక్కాను.
డ్రైవరు వెర్లీన్ చుట్టూ ప్లాస్టిక్ అద్దం,
పోయిన చలికాలం బిగించారు.
అది గుండుని ఆపదని ఆమెకీ తెలుసు, బిగించినవాడికీ తెలుసు.
"మీ నేలమాళిగలో ఏమైనా తేలిందా?"
బల్లకట్టువాడొకడు ఏదో ఆజ్ఞ ఇచ్చాడు,
ఏమిటో పురుగు తినేసింది, అన్నాను.
"ఏదైతేనేం," అంది బ్రేకు వదులుతూ,
"నడిపేవాడి మాట చెల్లేదన్నమాట."

లాయర్లిద్దరికీ తట్టలేదు అది.
నాకూ తట్టలేదు.

వంతెన మధ్యలో, పక్క సీటాయన
కోటు లోపలికి చెయ్యి పోనిచ్చాడు.
ట్యూబా పెట్టె మీద తలవాల్చిన కుర్రాడు కళ్ళు తెరిచాడు.
బట్టల మూట ఒళ్ళో పెట్టుకున్నావిడ మూటని గుండెకి హత్తుకుంది.
అద్దంలో వెర్లీన్ కళ్ళు.
సస్క్వెహానా మీద అందరం ఊపిరి బిగబట్టాం.

దగ్గుబిళ్ళ.

ఆయన సిగ్గుపడి అందరికీ తలా ఒకటి ఇచ్చాడు.
నిమ్మకాయ రుచి.

తీర్పు వచ్చేదాకా
నూట పన్నెండో పుటని చెమ్మ తగలకుండా చూడాలి.
వెండిపురుగు ఇంకా అందులోనే ఉందేమో,
రేపు పొద్దున్నే వెళ్ళి వెతకాలి.