శేషం

మూడువందల ముప్ఫైని అరవైతో భాగిస్తే
ఐదు.
మిగిలిన ముప్ఫైని ఎవరో
పదేళ్ల కిందటి ఒక వరుసలో పారేశారు.
అప్పట్నుంచీ మన దేశంలో చేసిన ప్రతి మార్పూ
చరిత్రలో అరగంట ముందే నిలబడి ఉంది.
వేలమంది చూశారు. నేనూ చూశాను.
అరగంటే కదా.

దాన్ని పట్టుకొచ్చినవాడు
షుఐబా రేవు దగ్గరి సైటులో టైంకీపర్.
ఓవర్‌టైం చీటీలో అరగంట పోతే
మనిషి ఎట్లా నిలదీస్తాడో తెలిసినవాడు.

మొదటిసారి తిప్పి పంపాను: పరీక్ష రాయలేదు.
రెండోసారి: నేపాల్ సంగతేమిటి, అక్కడ ముప్పావు.
మూడోసారి: ఖాళీలూ ట్యాబులూ కలగలిపావు.
ఒక్కదానికీ విసుక్కోలేదు.
"నేపాలోళ్లు మా రూములో ఇద్దరుండారు మేడం,
వాళ్లనే అడిగి సరిచూసినా."
ఇంకోసారి, "దుమ్ము లేసింది, నెట్టు నిలవడంలే."
అప్పుడే నా కిటికీ అద్దం ఎర్రబడింది.
ఫహాహీల్‌లో, ఐదో అంతస్తులో,
తలుపు కింద తడిగుడ్డ కుక్కి వచ్చి
అతని జాబు మీది వేళ చూశాను:
ప్లస్ మూడు.
నాదీ ప్లస్ మూడే.

నాలుగోసారికి ఓపిక పోయింది నాకే.
రెండు వరుసలు నేనే దిద్ది చేర్చేశాను.
చివర చెయ్యి పెట్టినవాళ్లే కర్త అనుకుంటుంది యంత్రం.
మూడు వరుసల మార్పు మీద
నా పేరు, నిండుగా, ఇంటిపేరుతో సహా.
ప్రధాన శాఖలోకి తోయడానికి ఒక్క మీట.
ఎవరూ అడగరు.

చాయ్ చల్లారింది.
నా పేరు చెరిపి అతనిది వెతికితే
"కె. డి." అని మాత్రం ఉంది.
పూర్తి పేరు అడిగాను.
"దూదేకుల కుళ్లాయప్ప అని రాయండి.
బతాకాలో తిరగేసినారు, అట్ల వద్దు."
కాసేపాగి ఇంకో జాబు:
"తప్పును ముందు చూసింది నేను గాదు మేడం.
పై మంచం తిలక్ బహదూర్.
తమ్ముడు కాఠ్మండులో రాసిన మార్పు చూపిచ్చి
ముప్పావుగంట యాడ బోయిందని రాత్రంతా పోరినాడు.
పోయిన నెల ఇంటికి పంపేసినారు.
ఆయన పేరు పడతాదా?"

పడుతుంది.
మార్పు వివరానికి అడుగున,
ఎవరూ అంత కిందికి చదవని చోట:
కనిపెట్టినది, తిలక్ బహదూర్.
రాసినది, దూదేకుల కుళ్లాయప్ప.
సరిచూసినది అన్నచోట నేను.

తోశాను.
ఇక్కడ రాత్రి రెండూ పది.
మా కడపలో నాలుగూ నలభై.
నాలుగూ పది కాదు.