తాడు రెండో కొస

నెలలో మొదటి ఆదివారం
పులియంతోపు తెలుగు గుడిలో
బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తారు.
సరిగ్గా అప్పుడే నాకు దాహం వేస్తుంది.
బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడి
లోపల గిన్నె చేతులు మారే చప్పుడు వింటాను.
మూడేళ్లుగా ఇదే వరస.
"షుగరుందయ్యా, ద్రాక్షరసం పడదు" అని
అయ్యగారికి చెప్పాను.
ఆయన నమ్మినట్టే తలూపాడు.

జెకర్యా మ్యాన్‌హోల్లోకి దిగిన రోజు
పైన తాడు పట్టుకున్నది నేను.
పట్టుకున్నాననే పోలీసులకు చెప్పాను.
తాగి దిగాడని కూడా చెప్పాను,
కాంట్రాక్టరు ఎలా చెప్పమన్నాడో అలాగే.
సోడా తాగినా తుమ్మే మనిషి వాడు.

తాడు కొసని లారీ బంపరుకి చుట్టి
బీడీ కోసం వీధి దాటాను.
రెండు నిమిషాలు.
అవి ఇంకా అయిపోలేదు.

గుళ్లో ఎప్పుడూ సమాధానం, సమాధానం అంటారు.
ప్రశ్నకి చెప్పేదే సమాధానమని నా బడి చదువు.
నన్నెవరూ అడగలేదు గనక
నేనూ చెప్పలేదు.
దేవుడికీ నాకూ నడుమ
ఓటేరి కాలువంత నలుపు పారుతుంటే
వంతెన నేనే కట్టాలేమో అనుకుని
ఐదొందల నోటు కవర్లో పెట్టి
ఆమె తలుపు సందులోంచి తోశాను, మూడుసార్లు.
మూడుసార్లూ అది కానుకల పెట్టెలో తేలింది,
నా గ్రీజు వేలిముద్రతో సహా.

మొన్న కుండపోత. కరెంటు లేదు.
మా సందులో మోకాలి లోతు మురుగు.
కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చెప్పులు చంకలో పెట్టుకుని
ఆ నల్లనీళ్లలో దిగి వచ్చింది దీవెనమ్మ.
పోగొట్టుకున్నది ఆమె.
వెళ్లాల్సింది నేను.
వచ్చింది ఆమె.

"చివర్న ఏమన్నాడు?" అంది.

మూత బిగిసిన చోట
ముందు గ్యాసే వస్తుంది, మాట తర్వాత.
చాలాసేపటికి చెప్పాను:
"'మేస్త్రీ, లాగు' అన్నాడు.
విన్నాను.
బీడీ వెలిగించుకున్నాకే కదిలాను."

కొట్టింది. ఒక్కటే, తడిచేత్తో.
అదే చేత్తో స్టూలు లాక్కుని కూర్చుంది.
"క్షమించానని అనలేను, ఇంకా నోటికి రావట్లేదు.
బుధవారం లేబరాఫీసులో కేసుంది.
ఇదే మాట అక్కడ చెప్పు.
నా కొడుకుని బళ్లో తాగుబోతు కొడుకంటున్నారు,
ముందు వాడికి వాళ్ల నాన్నని తెచ్చివ్వు.
ఒకే గిన్నెలో తాగడం సంగతి
ఆ తర్వాత చూద్దాం."

చెప్పాను. పని పోయింది.
రాత్రుళ్లు బైకులు మా గుమ్మం ముందు ఆగి
ఊరికే హారన్ కొట్టి పోతున్నాయి.

సిలువంటే పైకెత్తిన మాను అనుకునేవాణ్ణి.
ఇప్పుడది దిగడానికి వేసిన నిచ్చెనలా కనిపిస్తోంది.
తాడు వదిలినవాడు ఒడ్డున బీడీ కాలుస్తుంటే
దెబ్బ తిన్నవాడే మూత ఎత్తి
ఊపిరాడని ఆ చీకట్లోకి
నడుముకి తాడైనా లేకుండా దిగాడా?
అయ్యగారిని అడగాలి.
షుగరు సంగతి కూడా ఒప్పుకోవాలి.

ఈ మొదటి ఆదివారమూ దాహం వేసింది.
చెప్పుల దగ్గరికొచ్చి నిలబడ్డాను.
జెకర్యా కొడుకు లోపల్నుంచి వచ్చాడు.
"అమ్మ రమ్మంది" అన్నాడు, గోడవైపు చూస్తూ.
నా ముఖం చూడలేదు.
చొక్కా కొస మాత్రం పట్టుకున్నాడు.
గట్టిగానే పట్టుకున్నాడు.