మెట్లు లేని ఠాణా

అసున్సియోన్‌లో, నాలుగో నంబరు బజారు వెనక సందులో
గడియారాలు బాగుచేస్తాడు ఎవులోహియో.
ఎడమచేత్తోనే.
కుడిచేతికి పట్టకారు నిలవదు.

పాత ఆసుపత్రి చీటీలో కారణం రాసుంది:
‘మెట్ల మీంచి జారిపడ్డాడు.’
ఆ ఠాణాకి ఒక్కటే అంతస్తు.
మెట్లే లేవు.
నీళ్ల తొట్టి ఉండేది.
కేకలు బయటికి పోకుండా
రేడియోలో పోల్కా ఉండేది, గట్టిగా.

నలభై ఏళ్లు దాన్ని ‘స్వల్పగాయం’ అన్నారు.
కోడిని ఎత్తుకెళ్లినవాడికే
అంతకన్నా ఎక్కువ పడేది.

ఇవాళ కోర్టు గుమస్తా ఫిదెలీనా
కొత్త సెక్షన్ చదివి వినిపిస్తోంది,
మాటమాటకీ ఆగి, గ్వారనీలోకి మార్చి.
‘చిత్రహింస’ దగ్గర ఆమెకి మాట దొరకలేదు.
అతను కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు.
‘ఇది,’ అన్నాడు.

చివరి వాక్యం:
చేసినవాడు ఏ దేశంలో దాక్కున్నా
ఆ దేశం విచారించాలి, లేదా అప్పగించాలి.
ఈ నేరానికి కాలదోషం పట్టదు.

మళ్లీ చదవమన్నాడు.
కాలానికి పట్టే దోషాలన్నీ ఎరిగినవాడు:
తుప్పు, తడి, అరిగిన పళ్లు,
తాళం ఇచ్చినా కదలని ముల్లు.
ఇది పట్టనిదంటూ ఒకటుందని
ఎవరూ చెప్పలేదు.

కాసేపు గోడ గడియారం కేసి చూశాడు.
ఏడు నిమిషాలు వెనక.
ఆ సంగతి చెప్పలేదు.

‘అమ్మా, ఫిర్యాదు మీద
ఎడమచేతి సంతకం చెల్లుతుందా?’