కనుబొమ్మ

ఆదివారం, యార్డుకి సెలవు.
ఫ్యాను ఆపేశాను.
ఏప్రిల్ ఎండల్లో గుంటూర్లో ఫ్యాను ఆపుకున్నవాణ్ణి
మా ఆవిడ ఎగాదిగా చూసింది.
గాలికి దుమ్ము లేస్తుంది, అన్నాను.
మనింట్లో లేవని రోజెప్పుడు, అంది.
నా చొక్కా విదిలిస్తే వీధి మొత్తం తుమ్ముతుంది.

చేతులు కొబ్బరినూనెతో ఒకసారి,
సబ్బుతో రెండుసార్లు కడిగాను.
అయినా గోళ్ళ కింద ఘాటు పోలేదు.
పన్నెండేళ్ళ గుమాస్తాగిరీ
అక్కడ కాపురం పెట్టింది.

పాత తువ్వాలు మీద ఫోను బోర్లా పడుకుంది.
చిటికెనవేలి గోరంత అద్దం,
పగిలిన ముక్కలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని
ఇంకా అద్దంలానే నటిస్తోంది.
మస్తాన్ వలి భుజమ్మీది టిక్కీ తగిలి జారింది.
అతని తప్పేం లేదు,
దారికడ్డంగా నిలబడి ఫొటో తీస్తున్నది నేను.

అరండల్‌పేట కొట్లో అద్దం తొంభై,
వేసినందుకు నాలుగొందలు.
అద్దం జేబులో వేసుకుని నడిచొచ్చాను.

పనిముట్లు పక్క వాటాలో మేరీ సునందవి.
పెళ్ళికూతుళ్ళ జుట్టు ఆరబెట్టే మిషను,
కనుబొమ్మలు దిద్దే పట్టకారు.
ఆరింటికి చిలకలూరిపేట పెళ్ళుంది,
ఈలోపు ఇచ్చెయ్యన్నా, అని మరీ మరీ చెప్పింది.

వేడిగాలి కొడితే
ముందు మల్లెపూల వాసనొచ్చింది,
తర్వాత జిగురు వాసన.
జిగురు మెత్తబడేదాకా ఆగాలి.
తొందరపడి గుచ్చితే
సూది లోపలి కంట్లో దిగుతుంది.
ఒక్కో ముక్కా లేపి
ఏదో పాత పట్టీ వెనకవైపు పెడుతున్నాను.
ఎవరి పట్టీయో తిప్పి చూడలేదు.

ఈ పగులుతోనే తొమ్మిది రోజులు తీశాను.
లాటు మీద లాటు, వాట్సాప్‌లో ఇండోర్‌కి.
తాలు కలిసిందే గుమాస్తాజీ,
మధ్యలో తెల్లగా కనపడుతోందే, అన్నాడు సేటు.
తాలు కాదు సేట్, అద్దంలో వెలుగు చీలింది,
అనాల్సిన మాట నోటిదాకా వచ్చింది.
వెనక ఇంకా నలభై లాట్లున్నాయి,
మింగేశాను.

బొల్లాపల్లి సోమ్లా నాయక్‌ది తేజ,
పద్దెనిమిది టిక్కీలు.
క్వింటాకి మూడొందలు తెగింది.
దోసెడు కాయలు ఎండలోకి పట్టి,
ఎక్కడుంది తాలు, చూపించయ్యా, అన్నాడు.
నేను ఫోను చూపించాను.
అతను దోసిట్లోకి ఒకసారి చూసుకుని
ఫోన్నే నమ్మాడు.

స్పిరిట్లో ముంచిన దూది, చెవిపుల్ల చివర.
పాత జిగురు ఉండలు ఉండలుగా వచ్చింది,
అందులో ఎర్రటి పొడి.
చెమట చుక్క ముక్కు కొసన వేలాడి
ఆలోచించుకుని పక్కన పడింది.
ఊపిరి బిగబట్టి కొత్త అద్దం దించాను.
పైన బరువుకి ఆవకాయ జాడీ పెట్టాం.
అరగంట ఎవరూ అన్నం దగ్గరికి రాలేదు.

మా ఆవిడ పోపులపెట్టెలోంచి
రెండు ఎండుమిరపకాయలు తెచ్చి గట్టుమీద పెట్టింది.
ఒకటి ఎరుపు, ఒకటి తాలు.
(ఇంటికి తెచ్చేది సగానికి సగం తాలే, ధర తక్కువని.)
ఫొటోలో
ఎరుపు ఎరుపుగానే ఉంది,
తెలుపు తెలుపుగానే ఉంది.

పెద్దది చేసి చూస్తే
పై అంచున సన్నటి నల్ల గీత.
వెంట్రుక.
పట్టకారుతో వచ్చి లోపల ఉండిపోయింది.
జిగురు గట్టిపడింది, ఇక రాదు.
మేరీ సునంద కళ్ళు చికిలించి చూసి,
ఎవరిదో నేను గుర్తుపట్టలేనన్నా,
నెలలో ముప్పైమంది, అని నవ్వింది.
పోన్లే, అన్నాను,
కన్నన్నాక కనుబొమ్మ ఉండాలిగా.

మిషను ఇచ్చేసి వచ్చాను.
ఫ్యాను వేశాను.
పట్టీ మీది అద్దపు ముక్కలు కాస్త కదిలాయి.

కోల్డు స్టోరేజీలోంచి మిగతా టిక్కీలు
గురువారం తీస్తానన్నాడు సోమ్లా నాయక్.
ఈ కన్నుతోనే తీస్తాను, ఎండలో పెట్టి, దగ్గరగా.
ఆ మూడొందల సంగతి
ఫొటోకి ముందు చెప్పాలా,
తర్వాతా.