నల్ల గుర్రం రెండు దినార్లు

జాబ్రియాలో బాబా ఇంటి ఎనక
కార్ల షెడ్డును ఆనుకోని నా గది.
బాబా కొడుకు పారేయమన్న కంప్యూటరును
నేను పారేయలే.
మూత లేకుండానే మంచం కింద పెట్టి
ఫ్యాను దాని వైపు తిప్పినా.
నాకు చెమట పట్టినా పర్వాలేదు, దానికి పట్టకూడదు.

దాంట్లో ఒక దేశం ఉండాది.
చెట్లు నరకచ్చు, రాళ్లు పేర్చచ్చు,
చీకట్లో దయ్యాలొస్తే దివిటీ నాటచ్చు.
పుల్లంపేట ఖాదర్‌వలి, సిద్ధవటం ఓబులేసు,
బడిలో నేలలు తుడిచే ఇద్దరు నేపాలోళ్లు,
రాత్రి పదకొండు దాటితే
ఎవరి ఫోన్లో నుంచి వాళ్లు
నా మంచం కిందికొస్తారు.

అబ్దలీ ఎడారిలో గొర్రెలు కాసే గంగులప్ప
సిగ్నలు కోసం నీళ్ల ట్యాంకరెక్కి కూచుంటాడు.
ఈడ కూడా నాలుగు గొర్రెలు పెట్టుకుంటావా అంటే
"వద్దు సామీ, చేపలు పడతా" అన్నాడు.

సాల్మియాలో నాగమునెమ్మ
మేడమ్ పండుకున్నాక గంటసేపు వస్తాది.
ఏటి ఒడ్డున నాలుగు గదుల ఇల్లు కట్టింది.
ఇంతవరకు ఒక్క గదీ ఊడ్వలే.
"చూడన్నా, ఎంత చెత్తగా ఉండాదో నా ఇల్లు"
అని మురిసిపోతాది.

తలకు అర్ధ దినారు, నెలకు.
ఇంటర్నెట్టు బిల్లు పోను టీ ఖర్చు మిగిలేది.
అట్లుండగా ఓబులేసు అడిగినాడు,
నాకొక నల్ల గుర్రం కావాల, చావని గుర్రం.
రెండు మీటలు నొక్కినా, గుర్రం పుట్టింది.
రెండు దినార్లు.
ఏడేండ్లు స్టీరింగు పట్టిన చేతికి
ఇంత సుళువుగా దుడ్డు ఎప్పుడూ రాలే.
మరుసటి వారం ఖాదర్‌వలికి మూడు దినార్ల కత్తి.

ఆట కంపెనీ నుంచి జాబొచ్చింది.
ఫర్వానియా ఆస్పత్రిలో నర్సు ఎస్తేరమ్మ చదివి చెప్పింది.
"కోపంగా లేదబ్బాయ్, మర్యాదగా ఉంది. అదే భయం."
నడుపుకో. లోపలికొచ్చేదానికి రుసుం తీసుకో.
రుసుం అందరికీ ఒకటే ఉండాల.
బలం అమ్మకూడదు.
మా పేరు నీ బోర్డు మీద రాయకూడదు.
ఈ అనుమతి ఎప్పుడైనా మార్చుకుంటాం.

నా కరెంటు, నా ఫ్యాను, నా నిద్ర, వాళ్లదేంది అని అరిచినా.
కరెంటు బాబాది, అది ఎనక గుర్తొచ్చింది.
ఆఖరి మాట కొత్త కాదు,
నా అకామా మీద రాయకుండానే రాసుంటాది.
నడిమి మాటే గుచ్చుకున్యాది.
అందరికీ ఒకటే.
ఈ ఊర్లో ఎవురూ నాతో అనని మాట.
పక్కింటి ఫిలిప్పీనో డ్రైవరుకు
ఇదే రోడ్డుకు నలభై దినార్లు ఎక్కువ.
ఎదురింటి బంగ్లా రఫీకుకు నా కంటే పది తక్కువ.
నలభై సంగతి శానాసార్లు మాట్లాడినా.
పది సంగతి ఎప్పుడూ ఎత్తలే.

పోయిన నెల ఓబులేసు గుర్రంతో
గంగులప్ప పడవను తొక్కించినాడు.
గంగులప్ప నాతో ఫిర్యాదు కూడా చేయలే.
"గుర్రమున్నోడు గదా సామీ" అన్నాడు, అంతే,
ఆ దేశంలో కూడా.

శుక్రవారం మిర్గాబ్ బస్టాండు కాడ
రెండు దినార్లు ఓబులేసు చేతిలో పెట్టినా.
"నీ అబ్బ దేశమా ఇది?" అన్నాడు.
కాదన్నా.
నాలుగు రాత్రులాయ, రాలే.
కత్తి దుడ్లు ఇంకా ఇయ్యలే,
ఖర్చయిపోయినాయి. జీతం రానీ.

గుర్రాన్ని చెరిపేయాల. మీట మీదికి వేలు పోలే.
నాగమునెమ్మ ఇంటి ముందర విడిచిపెట్టినా,
ఎవురైనా ఎక్కచ్చని.
నిన్న రాత్రి గంగులప్ప ఎక్కినాడు.
"సామీ, ఇది యాడికి పోతాది?"
నేను చెప్పేలోపల
అబ్దలీలో దుమ్ము లేచినట్టుంది, సిగ్నలు పోయింది.
ఏటి నడుమ, గుర్రం మీద,
చెయ్యెత్తినోడు ఎత్తినట్టే ఆగిపోయినాడు.

ఫ్యానును ఇంకా రోంత దగ్గరికి జరిపినా.