ఒక్కటే

ఉచితం అని రాసుంది.
ఉచితానికి ఐదు ప్రశ్నలే.
ఆరోది అడగాలంటే నెలకు తొమ్మిది పౌండ్లు.
డెస్మండ్ పెటిఫర్ కొట్లో తొమ్మిది పౌండ్లంటే
రెండు మడమలకు రబ్బరు.
"ఐదు చాల్లే" అన్నాడు
పెదాల మధ్య మేకులు పట్టుకుని.

నార్తాంప్టన్‌లో కెటరింగ్ రోడ్డు మీద కొట్టు.
మందుల షాపులో షిఫ్టు దిగి
మంగళవారాలు ఇక్కడికొస్తాను.
నా బూట్ల బాకీ ఇలా తీరుతోంది,
ఆయనకో ఫారం తయారుచేసి.

మొదటి గడి పేరు.
ఇంటిపేరు చివరన రాయమంటుంది ఫారం.
మాకు ఇంటిపేరు ముందు నడుస్తుంది
గొడుగు పట్టుకున్న పెద్దమనిషిలా,
వెనక తడుస్తూ మేము.
రెండు గడులూ కలిపేశాను.
ఎవరికెలా తోస్తే అలా నడవనీ.
ఒక ప్రశ్న మిగిలింది కూడా.

రెండోది ఫోను. మూడోది, ఏం పాడైంది.
నాలుగోది, ఎన్ని జతలు:
ఒకటి, రెండు, మూడు, ఆపైన.
దాని పక్కన ఎర్ర చుక్క పెట్టాను,
నింపందే కదలనివ్వని చుక్క,
గుమ్మానికి అడ్డంగా పడుకున్న పిల్లిలాంటిది.
ఐదోది, మా సంగతి మీకెలా తెలిసింది.
అది పెటిఫర్ కూతురి ముచ్చట.

మా తాత చెప్పులు కుట్టేవాడు.
ఈ మాట ఈ ఊళ్లో తేలిగ్గా వస్తుంది నా నోట,
అక్కడ కాలేజీలో మూడేళ్లు రాలేదు.
ఆయనకు ఫారం లేదు.
అట్ట అడుగున సుద్దముక్కతో ఒక గీత.
ఆ గీతలోనే మనిషి,
కాలి వంకర,
ఇవ్వాల్సిన బేడ.

మొదటి జవాబు నాదే.
పేరు: అఆఇఈ. పాడైంది: ఏమీ లేదు.
రెండోది ఏదో యంత్రం, అప్పిస్తానంటూ.
మూడోది రాత్రి పదకొండూ నలభైకి.
విల్ఫ్ గారడ్. జతలు: ఒకటి.
ఏం పాడైంది అన్నచోట ఇలా:

"మీ ఫారం ఒప్పుకోక జత అని అబద్ధం రాశాను.
ఎడమది ఒక్కటే. అట్ట ఊడింది.
కుడికాలు రెండువేల తొమ్మిదిలో ఆసుపత్రిలో వదిలొచ్చాను.
అయినా జతలే కొంటున్నా, ఒక్కటి ఎవరమ్ముతారు?
పదకొండు కుడి బూట్లున్నాయి, పెట్టెల్లో, కొత్తవి.
ఎనిమిదో నంబరు.
ఎవరికైనా పనికొస్తే చెప్పండి."

పెటిఫర్ రెండుసార్లు చదివాడు.
నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీసి
బల్ల మీద పెట్టాడు.
ఆ చుక్క ఎవరు పెట్టారని అడగలేదు.
అడిగితే బావుండేది.

ఒకటి, రెండు, మూడు పైన
"ఒక్కటే" అని చేర్చాను.
చేర్చాక, ఏ కాలిది అని అడగాలి కదా.
అది ఆరో ప్రశ్న.
మా సంగతి మీకెలా తెలిసింది, తీసేశాను.
తెలిసినవాళ్లకు తెలుసు.

బస్సులో తట్టింది నాకు,
తాత ముందుకొచ్చిందెప్పుడూ ఒక్క చెప్పే.
ఒంటికాలి మీద గెంతుతూ వచ్చి
రెండోది తొడుక్కునే నిలబడేవాళ్లు.
రెండూ కలిసి తెగిన జత
నాకొక్కటీ గుర్తు లేదు.
మరి జత అనే మాట
నా చేతికెక్కణ్ణించి వచ్చింది?

మార్చిలో కార్బీ నుంచి అలెక్ మెక్‌ఫీ.
ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేశాట్ట, ఎడమకాలు లేదు.
జతలు: ఒక్కటే. కాలు: కుడి.
ఏం పాడైంది: "పాడవడానికి అసలుంటే కదా.
ఎనిమిదిన్నర నంబరు. పాతదైనా సరే."

అర నంబరు తేడా, అన్నాను.
"అరే కదా" అంటూ పెటిఫర్
పై అరలో చెక్క అచ్చు కోసం
స్టూలెక్కాడు.