కర్మణి ప్రయోగం

ఉద్దేశం రాశాను, పరికరాలు రాశాను,
అంచు విరిగిన బీకరును "బీకరు ఒకటి" అన్నాను.
పట్టిక గీస్తుంటే స్కేలు జారితే
ఆ వంకర గీత మన నారిన్ నదేనని నవ్వుకున్నాం పగలు.
ఇప్పుడిక మిగిలింది చర్చ.
అమ్మమ్మ పడుకుంది. పొయ్యిలో పిడక ఒకటి
ఇంకా ఎర్రగా ఆలోచిస్తోంది.

చర్చలో "నేను" కనపడకూడదంటుంది గుల్బారా టీచర్.
నీరు వేడిచేయబడినది. ఉష్ణోగ్రత నమోదు చేయబడినది.
ఎవరి చేత? అడగకూడదు.
చేతుల్లేని వాక్యాలు, మసి అంటదు.

కానీ పదమూడు, పద్నాలుగు, పదిహేను నిమిషాలు
గ్రాఫు మీద మరీ బుద్ధిగా కూర్చున్నాయి,
ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ముందు బెంచీ పిల్లల్లా.
పన్నెండు దాకా చుక్కలు గీతకు అటూ ఇటూ తూలుతూ నడిచాయి,
పదహారు నుంచి మళ్లీ తూలాయి.
ఆ మూడే తూలలేదు.
అరవై ఒకటి పాయింట్ నాలుగు అని వేసింది నుర్జాత్.
మా థర్మామీటరుకు పాయింట్లు రావు,
డిగ్రీకీ డిగ్రీకీ మధ్య దానికున్నది ఒట్టి గాజు.

ఆ మూడు నిమిషాలూ మేం కిటికీ దగ్గరున్నాం.
దగ్గర కూడా కాదు, కిటికీ దూకి
బాయిలరు గది వెనక, మంచు కరిగిన బురదలో.
కావలి జపార్ గుర్రం ఈనుతోంది.
ముందు రెండు గిట్టలు, పాలలో నానిన రొట్టెముక్కల్లా మెత్తగా,
తర్వాత ముట్టె, తర్వాత ఒక్కసారిగా అంతా.
పిల్ల ఒళ్లంతా పొగలు!
ఏప్రిల్ గాలికి అంత తడి ఒళ్లు ఎంతసేపట్లో చల్లారుతుంది?
జపార్ కోటు విప్పి తుడిచాడు, తల్లి నాకింది,
నుర్జాత్ నా మణికట్టు పట్టుకుంది, అదే చేతికి నా గడియారం.

"దోషాలకు కారణాలు" అని రాసి కింద గీత గీశాను.
గది ఉష్ణోగ్రత స్థిరంగా లేదు. నిజమే, కిటికీ తెరిచే పోయాం.
బీకరుకు మూత లేదు. అదీ నిజమే.
నిజాలు వరుసగా పేర్చి అబద్ధం చుట్టూ
ప్రహరీ కట్టొచ్చని ఈ రాత్రే తెలిసింది.

ఫోన్ చేస్తే, "మూడు చుక్కల కోసం ఎవరు చస్తారు" అంది నుర్జాత్.
కాసేపాగి, "రాసుకో, నా పేరు మాత్రం వద్దు" అంది.
ఇంకాసేపాగి, "పిల్ల లేచి నిలబడిందట" అంది.

చుక్కలు చెరిపాను. రబ్బరు గట్టిది, కాగితం కాస్త లేచింది.
"పదమూడు నుంచి పదిహేను నిమిషాల వరకు
ఉష్ణోగ్రత నమోదు చేయబడలేదు" అని రాసి,
కొట్టేసి,
"మేం చూడలేదు" అని రాశాను.

మేం అంటే ఎవరని ఎర్రసిరా అడుగుతుంది.
నా పేరు రాశాను, బేగిమాయ్.
పక్కన కామా పెట్టాలా చుక్క పెట్టాలా తేలక
కలం అక్కడే ఆపి టీ గుక్కెడు తాగితే
అదెప్పుడో చల్లారిపోయింది,
దాన్నీ ఎవరూ చూడలేదు.